ఉడుముకు దొరికిన మాట

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ ఉడుము అనేవారు. మొదట్లో చాటుగా అనుకునేవారు. తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. చివరికి ఆ పేరుతో పిలిస్తే ఆమే "ఊఁ" అని పలకడం మొదలుపెట్టింది.

ఆ పేరు తెచ్చిపెట్టింది రోలరు మిషను. ఉతికి పిండిన దుప్పట్లను ఇంకా చెమ్మగా ఉండగానే కాలుతున్న రోలరు కిందికి ఎక్కించాలి. ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని, అంచు బిగలాగి, తిరిగే రోలరు నోటికి అందిస్తారు. అది అంచు అందుకున్న క్షణాన ఇద్దరూ ఒక్కసారే వదిలేయాలి. పట్టుకోవడం ఎవరికైనా వస్తుంది, పనితనమంతా వదలడంలోనే ఉంది. ఒకరు వదిలి ఒకరు పట్టుకున్నారో, దుప్పటి వంకరగా లోపలికి పోయి, ముడతలతో సహా ఇస్త్రీ అయి, అట్టముక్కలా అవతల పడుతుంది. మళ్ళీ తడిపితే తప్ప ఆ ముడతలు పోవు.

ఆమె ఎప్పుడూ రెప్పపాటు ఆలస్యంగా వదిలేది.

"అది పట్టుకుందే తల్లీ, నువ్వొదులు!" అని అరిచేది ఎదురు కొస పట్టుకునే పెద్దక్క. లాండ్రీలో అందరికంటే పాత మనిషి.

"వదిలానక్కా."

"వదిలితే ఇలా వస్తుందా? నీది చెయ్యి కాదే, ఉడుంపట్టు. నిన్ను నడుముకు కట్టుకుని కోటగోడలు ఎక్కొచ్చు."

నవ్వులు. ఆమె కూడా నవ్వబోయి, సగంలో మింగేసేది.

నవ్వును అలా సగంలో మింగడం ఆమెకు ఎప్పుడూ ఉన్న అలవాటు కాదు. పిల్ల పుట్టాక, ఒక మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి పక్కింటావిడ చెప్పిన కబురుకు పగలబడి నవ్వింది. కళ్ళనీళ్ళు వచ్చేలా, ఒళ్ళు మరిచి నవ్వింది. ఆ నవ్వులోనే లోపల దబ్బుమని చప్పుడైంది. పిల్ల మంచం మీంచి దొర్లింది. గడ్డం కింద చిన్న గాటు పడింది, అంతే. డాక్టరు కుట్టు కూడా వేయలేదు. కానీ ఆ గాటు పిల్లకు ఎప్పుడో మానిపోయినా తల్లికి మానలేదు. ఒళ్ళు మరిచి నవ్వినవాళ్ళ వెనకాలే ఏదో ఒకటి దబ్బున పడుతుందని ఆమె మనసులో రాసిపెట్టుకుంది. అప్పటినుంచి గ్యాసు కట్టేసి వచ్చి మళ్ళీ వెళ్ళి చూసేది. తాళం వేసి మళ్ళీ లాగి చూసేది. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి తగిలాక గానీ తను ఊపిరి తీసుకునేది కాదు.

అయితే భయం ఒక్కటే ఉన్న మనిషి కాదామె. పంతం కూడా ఉంది. ఎనిమిదో తరగతి మధ్యలో, తల్లి జబ్బు పడితే ఇంట్లో వంటకు మనిషి కావాలని బడి మాన్పించారు. పెళ్ళయి, పిల్ల పుట్టి, లాండ్రీలో చేరాక, ఆ తెగిన దారాన్ని మళ్ళీ అందుకుంది. సాయంత్రాలు పెద్దలకు చెప్పే బడికి పోయి పదో తరగతి రాతపరీక్షలు గట్టెక్కింది. ఇక మిగిలింది నోటిపరీక్ష. అది కూడా అయిపోతే, ఆసుపత్రిలోనే నర్సు సహాయకుల శిక్షణకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నేలమాళిగలోని లాండ్రీ వదిలి, తను ఇస్త్రీ చేసిన దుప్పట్లు పరిచే పై అంతస్తుకు వెళ్ళొచ్చు. ఈసారి తప్పితే శిక్షణలో ఆ చోటు ఇంకొకరిది.

"ఈసారి" అనడానికి కారణం ఉంది. కిందటిసారి నోటిపరీక్షలో ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, "మా పిల్ల ఏడుస్తోంది" అని ఒక్క ఉదుటున గదిలోంచి పరిగెత్తింది. మెట్లన్నీ దిగి చూస్తే ప్రహరీ మీద పిల్లి. పిల్ల ఆ సమయానికి ఇంట్లో నాయనమ్మ ఒళ్ళో గుర్రుపెట్టి నిద్రపోతోంది. ఈ సంగతి లాండ్రీకి ఎలా పాకిందో గానీ, కొన్నాళ్ళు ఆమె కనిపిస్తే చాలు ఎవరో ఒకరు "మ్యావ్" అనేవారు.

నోటిపరీక్షకు ఆ బడిలో ఒక పద్ధతుండేది. చీటీల డబ్బాలోంచి ఒక మాట తీసుకోవాలి. వారం రోజులు ఆ మాటను జనం నోట్లో వెతకాలి. ఎవరు, ఎప్పుడు, ఎలా వాడతారో విని వచ్చి, కాగితం లేకుండా పరీక్షాధికారి ముందు నిలబడి చెప్పాలి.

ఆమె చెయ్యి పెట్టి చీటీ తీసింది. విప్పి చూసి, మళ్ళీ మడిచి టీచరుగారి ముందు పెట్టింది.

"ఇది మార్చుకోవచ్చాండీ?"

"ఏం మాట వచ్చింది?"

"పరవశం."

"మంచి మాటే కదమ్మా. ఏమైంది?"

"నాకూ దానికీ చుట్టరికం లేదండీ. 'చాకిరీ' లాంటిదేదైనా ఇప్పించండి, గంటసేపు చెప్తాను."

తరగతి మొత్తం గొల్లుమంది. టీచరుగారు కూడా నవ్వి, చీటీ మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టి వేళ్ళు మూసేశారు. "చుట్టరికం లేకపోతే కలుపుకో. పో."

వెళ్తూ వెళ్తూ ఆమె అలమరలోని నిఘంటువు తీసి చూసింది. పరవశం అంటే పరుల అధీనంలో ఉండటం. ఒంటి మీద తెలివి తప్పటం. పట్టలేనంత ఆనందం. మూడూ ఒకే మాటకు. వేలుపెట్టి రెండుసార్లు చదివింది. మొదటి అర్థం దగ్గర వేలు ఆగిపోయింది.

మర్నాడు లాండ్రీలో వేట మొదలుపెట్టింది. వెతకబోయిన తీగ కాలికే తగిలినట్టు, సబ్బుపొడి బస్తా మీదే ఉంది ఆ మాట: 'మిమ్మల్ని పరవశింపజేసే పరిమళం.' బస్తా విప్పగానే అందరూ తుమ్ముతారు.

"అక్కా, ఇది వాసన చూసి ఎప్పుడైనా పరవశించావా?"

"ఎందుకు పరవశించనూ? తుమ్మి తుమ్మి కళ్ళు తేలేశాను," అంది పెద్దక్క.

అంతలో లాండ్రీ ఇన్‌చార్జి అటుగా వచ్చాడు. గుడ్డల బండికి ఆనుకుని కునుకు తీస్తున్న పనమ్మాయిని చూసి, "ఏమ్మా, పరవశంలో ఉన్నావా? కాఫీ పంపించమంటావా?" అన్నాడు. ఆ అమ్మాయి ఉలిక్కిపడి లేచింది. ఉడుము మాత్రం ఎగిరి గంతేసినంత పని చేసింది.

"ఇంకోసారి అనండి సార్!"

"ఏమిటి అనేది?"

"ఇప్పుడన్నదే సార్. నాకు పరీక్షకు పనికొస్తుంది."

ఇన్‌చార్జి ఆమెను ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా ఎవర్నీ కసరలేదు.

పెద్దక్క మటుకు మధ్యాహ్నం అన్నాల దగ్గర, డబ్బా మూత మూస్తూ మెల్లగా చెప్పింది. "మా నాన్న పోయిన కబురు విని మా అమ్మ పరవశమై పడిపోయిందట. మా మేనత్త అలాగే చెప్పేది. నేను చిన్నదాన్ని, ఆ మాటకు అదే అర్థం అనుకున్నాను చాలా కాలం. తర్వాతెప్పుడో రేడియోలో ఎవరో 'పాట విని పరవశించాం' అంటే, అయ్యో పాపం, వాళ్ళకేం కష్టమొచ్చిందో అనుకున్నా."

ఉడుముకు నవ్వాలో వద్దో తెలియలేదు. దుఃఖానికీ అదే మాట, సంతోషానికీ అదే మాట. రెండింట్లోనూ మనిషి తన చేతిలో తను లేదు.

ఇంట్లో ఆ సాయంత్రం అత్తగారిని అడిగింది. అత్తగారు మోకాళ్ళకు నూనె రాసుకుంటూ, "పరవశమంటే? మీ మామగారు నా చేతి వంట తిని పరవశించిపోయేవారు," అంది.

"పరవశించడం కాదమ్మా, నిద్రపోయేవాడు," అన్నాడు భర్త. బస్సు డ్రైవరు, అప్పుడే డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పుతున్నాడు.

"నోర్ముయ్ రా. తిన్నాక కళ్ళు మూసుకునేవారు. దాన్నేమంటారు?"

"గురకంటారు."

అత్తగారు నూనెగిన్నె విసరబోయింది. పిల్ల అది ఆట అనుకుని చప్పట్లు కొట్టింది. ఆమె మాత్రం నవ్వలేదు.

"ఏవండీ, మీరు చెప్పండి."

"నేనా? స్టీరింగు ముందు కూర్చునేవాణ్ణి. నాకు పరవశం వస్తే నలభైమంది ప్రాణాలు గాలిలో కలిసిపోతాయి. ఆ మాట నా బస్సెక్కకూడదు."

"అదీ! నేనూ అదే అంటాను," అంది ఆమె. గొంతు పెరిగింది. "పరుల వశం అయిపోతే ఆనందం ఏమిటండీ? నన్ను బడి మాన్పించినప్పుడు నేను పరుల వశమే కదా. నన్ను అడిగిన నాథుడు లేడు. పుస్తకాల సంచి తీసి అటక మీద పెట్టేశారు. అప్పుడు నేను పరవశించిపోయి గంతులు వేశానా? ఈ మాట ఎవడు కనిపెట్టాడో గానీ వాణ్ణి ఎవరూ ఏదీ మాన్పించి ఉండరు."

అత్తగారు గిన్నె మూత వెతుక్కుంది. భర్త లేచి పిల్లను ఎత్తుకోవడానికి చేతులు చాపాడు. ఆమె పిల్లను అందించింది.

"చెయ్యి తియ్యి," అన్నాడు అతను.

"తీశాను."

"చూసుకో."

ఆమె కుడిచెయ్యి ఇంకా పిల్ల వీపు మీదే ఉంది.

"రోజూ ఇంతే," అన్నాడతను. కోపం లేదు, అలసట కూడా లేదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు. "పిల్లను ఇస్తావు. చెయ్యి మాత్రం ఇవ్వవు."

ఆ మాట ములుకులా దిగింది. అప్పటికే మడతపెట్టి ఉన్న గుడ్డలనే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

పొద్దున్నే లాండ్రీకి వెళ్తూనే పెద్దక్కను పట్టుకుంది. "అక్కా, ఇవాళ ఎన్ని దుప్పట్లు పాడైనా సరే, నాకు వదలడం నేర్పించు."

"ఇన్నాళ్ళకా? పైకి వెళ్ళిపోయే ముందా?"

"పైకి వెళ్ళాలంటేనే."

పెద్దక్క ఆమె మొహం చూసి వేళాకోళం మానేసింది. మొదటి దుప్పటి వంకర. రెండోది ఇంకా వంకర. తర్వాతది అయితే మరీ ఘోరం, ఉడుము ఈసారి ముందే వదిలేసి, మొత్తం కిందపడేసింది. చెమట కళ్ళలోకి కారుతోంది. ఇన్‌చార్జి అద్దాల గదిలోంచి తొంగి చూస్తున్నాడు.

"ఆగు," అంది పెద్దక్క. "నువ్వెటు చూస్తున్నావు?"

"రోలరుకేసి. అది పట్టుకుందో లేదో చూడొద్దూ?"

"అదే నీ రోగం. రోలరు పట్టుకుంటుందే, దాని పనే అది. దాన్ని కాపలా కాయకు. నన్ను చూడు."

"నిన్ను చూస్తే చెయ్యి కాలితే?"

"నీ చెయ్యి కాలితే నాది కాలదా? నేనూ అక్కడే ఉన్నా కదా!"

తడి దుప్పటి మళ్ళీ ఎత్తారు. ఉడుము పెద్దక్క కళ్ళలోకి చూసింది. ముడతలు పడ్డ కనురెప్పలు, చివర్లో ఎప్పటిదో కాటుక మరక. ఆ కనురెప్పలు ఒక్కసారి వాలాయి. చేతులు వాటంతట అవే విడిపోయాయి. దుప్పటి తిన్నగా, నీళ్ళు జారినట్టు లోపలికి జారిపోయింది. అవతల నుంచి ఒక్క గీత కూడా లేకుండా, వేడి ఆవిరితో బయటికొచ్చింది.

"చచ్చీ చెడీ ఒకటి!" అంది పెద్దక్క.

తర్వాతది మళ్ళీ ముడత పడింది. అయినా ఆమె అక్కడే నిలబడి, పళ్ళు బిగించి, సాయంత్రం దాకా పట్టుకోవడం, వదలడం, పట్టుకోవడం, వదలడం చేస్తూనే ఉంది.

పరీక్షరోజు అత్తగారికి మోకాళ్ళు బిగుసుకుపోయాయి. పిల్లకు జలుబు. భర్త సెలవు పెట్టి, పిల్లను ఎత్తుకుని వెంట వచ్చాడు. బడి ఆవరణలో, మెట్ల కింద నిలబడి, "నేనిక్కడే ఉంటాను. పో," అన్నాడు. ఆమె పిల్ల ముక్కు తుడిచి, గొంతు దగ్గర చొక్కా సర్ది, జేబురుమాలు ఎక్కడుందో చెప్పి, మళ్ళీ ముక్కు తుడిచింది. తర్వాత తన చెయ్యి ఎక్కడుందో చూసుకుని, తీసింది. మెట్లెక్కుతూ వెనక్కి తిరగలేదు. తిరిగితే దిగిపోతానని ఆమెకు తెలుసు.

గదిలో బల్ల వెనక టీచరుగారు, పక్కన బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఉన్నాడు. "మీ మాట?"

"పరవశం అండీ."

"కానివ్వండి."

బల్ల అంచు పట్టుకుంది. సబ్బుపొడి బస్తాతో మొదలుపెట్టింది. పరీక్షాధికారి మొహంలో నవ్వు కదిలింది. ఇన్‌చార్జి ఎత్తిపొడుపు చెప్పింది, బస్సెక్కకూడని మాట అని డ్రైవరు అన్నది చెప్పింది. కబురు విని పడిపోయిన తల్లి గురించి మొదలుపెట్టబోయింది.

అప్పుడు కింద నుంచి ఏడుపు వినిపించింది.

ఈసారి పిల్లి కాదు. సందేహమే లేదు, తన పిల్ల. టీచరుగారి చూపు తలుపు వైపుకు వెళ్ళి, ఆమె మీదికి వచ్చి ఆగింది. బల్ల అంచు మీద ఉడుము వేళ్ళు తెల్లబడ్డాయి. కాళ్ళు అప్పటికే సగం తిరిగాయి. గుండె మెట్లు దిగి వెళ్ళిపోయినట్టే ఉంది.

ఆమె చెవులు రిక్కించి వింది. అది దెబ్బ తగిలిన ఏడుపు కాదు, ఆకలిదీ కాదు. కావలసింది దొరకనప్పుడు వచ్చే కోపం ఏడుపు. అక్కడ ఒక మనిషి ఉన్నాడు. ఆయనా అక్కడే ఉన్నాడు కదా!

ఆమె బల్ల అంచు వదిలింది.

"మా లాండ్రీలో ఒకావిడ ఉందండీ," అంది, టీచరుగారి కళ్ళలోకి చూస్తూ. "వాళ్ళమ్మ భర్త పోయాడని విని పరవశమైందట. దుఃఖానికీ సంతోషానికీ ఒకే మాట ఏమిటా అనుకున్నాను. ఇంకోటేమో, ఈ మాటకు పరుల చేతిలో పడటం అని కూడా అర్థం ఉంది. నన్ను చిన్నప్పుడు బడి మాన్పించారు. అప్పుడు నేను పరుల చేతిలోనే ఉన్నాను. అందుకే ఈ మాటంటే నాకు మంట. వారమంతా దీనితో పోట్లాడుతూనే ఉన్నాను."

ఊపిరి తీసుకుంది.

"మేం రోలరుకు దుప్పటి ఇస్తామండీ. ఇద్దరం పట్టుకుంటాం, ఇద్దరం ఒకేసారి వదులుతాం. నాకది రాదు. రోలరును నమ్మను, ఎదుటి మనిషిని నమ్మను. దుప్పటి నా చేతిలో ఉంటేనే భద్రం అనుకుంటాను. కానీ నా చేతిలో ఉన్నంతసేపూ అది ముడతే పడుతుంది. మొన్న ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, సరిగ్గా వదిలాను. అది వెళ్ళిన తీరు చూస్తుంటే నాకు ఎక్కడ నిలబడ్డానో తెలియలేదు. అప్పుడనిపించింది, మన చేతిలోంచి లాక్కున్నదీ పరవశమే, మనం ఇచ్చేసిందీ పరవశమే. చూసేవాళ్ళకు రెండూ ఒకేలా ఉంటాయి, చేతులు ఖాళీగా ఉంటాయి కదా. కానీ నా పుస్తకాల సంచి లాక్కున్నారు. దుప్పటి నేనిచ్చాను. ఆ తేడా ఏ బస్తా మీదా రాయరు. ఎవరికి వాళ్ళు తెలుసుకోవాల్సిందే. అందుకే పెద్దవాళ్ళు మాట ఒక్కటే పెట్టి, మిగతాది మనకు వదిలేశారేమో."

ఇంకా చెప్పింది. ఏం చెప్పిందో తర్వాత గుర్తు తెచ్చుకోబోతే సగం దొరకలేదు. చేతులు తిప్పుతూ, దుప్పటి ఎలా జారిందో గాలిలో గీసి చూపిస్తూ చెప్పింది. మాట మరిచిపోతే ఇంకో మాట వచ్చి నిలబడింది.

పరీక్షాధికారి కళ్ళజోడు ముక్కు మీదికి దించుకున్నాడు. "బాగుంది. ఒక్క ప్రశ్న. దుప్పటి సంగతి సరే, మనిషిగా మీకు ఎప్పుడైనా కలిగిందా, ఈ పరవశం?"

ఆమె జవాబు చెప్పబోయి ఆగింది. కిటికీ వైపు చూసింది.

"ఇందాక నేను చెబుతుండగా మా పిల్ల ఏడ్చిందండీ," అంది నెమ్మదిగా. "ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు."

టీచరుగారు కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకున్నారు, మచ్చ లేకపోయినా. పరీక్షాధికారి ఏదో రాసి, కలం మూత పెట్టి, "వెళ్ళి చూసుకోండి. గట్టెక్కారు," అన్నాడు.

థాంక్స్ చెప్పిందో లేదో తెలియదు. మెట్లు రెండేసి చొప్పున దిగింది. కింద భర్త అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పిల్ల అతని భుజమెక్కి, తాళాలగుత్తి నోట్లో పెట్టుకుని చొంగ కారుస్తోంది. చెంపల మీద కన్నీటి చారలు ఆరిపోయి ఉన్నాయి.

"ఎందుకేడ్చింది? పడిందా? ఎక్కడ?"

"పడలేదే తల్లీ. అదిగో," అని ప్రహరీ వైపు చూపించాడు. "పిల్లి వచ్చింది. ఇది దాన్ని ఎత్తుకుంటానంది. అది పారిపోయింది. ఇంకేముంది, లోకం మునిగిపోయింది."

"పిల్లా?"

"అదే పిల్లి. కిందటిసారి నిన్ను ఫెయిల్ చేసిందే, అదే."

ఆమెకు నవ్వు పొంగుకొచ్చింది. అలవాటుగా మింగబోయింది. అది మింగుడు పడలేదు. అరుగు మీద కూలబడి, నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేలా, దారిన పోయేవాళ్ళు ఆగి చూసేలా నవ్వింది. పిల్ల తాళాలగుత్తి తీసి తల్లికేసి వింతగా చూసి, తనూ నవ్వడం మొదలుపెట్టింది.

"పాసయ్యావా, లేక పిచ్చెక్కిందా?" అన్నాడు భర్త.

ఆమె వేలు ఎత్తి 'మొదటిదే' అన్నట్టు చూపించింది. మాట రాలేదు.

"సరే, పిల్లను పట్టుకుంటావా? పోదాం."

ఆమె చెంగుతో కళ్ళు తుడుచుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"మీ దగ్గరే ఉండనివ్వండి," అంది. "నేను ఇంకాసేపు నవ్వుకోవాలి. తర్వాత తిన్నగా ఆసుపత్రికే, దరఖాస్తు ఇవాళే పెట్టేస్తాను."